అమ్మాయి కొలతకు తుపాకి కుందా

రవిక కుట్టించునపుడు కొలతలిచ్చి కుట్టింతుము గాని, పరుల కొలతకు కుట్టిన దానిలో మన మేనిని ఇఱికించుకొనము గదా. ఈ చిన్న సంగతిని మేము తుపాకి విషయమున మఱచితిమి.

వికారాబాదులోని మా యింట 13 ఏండ్ల యమ్మాయికి గుఱిపందెములపై మనసు గలిగినది. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్కులలో అంజలీ భాగవత్ స్త్రీల 10 మీటర్ల గాలి రైఫిలు పందెమున తుదిపోటీ కెక్కినది. 2012లో లండనునందు పురుషుల పందెమున హైదరాబాదువాసి గగన్ నారంగ్ కంచుపతకము గెలిచినాడు. ఈ కథలు విని మా పిల్ల ఉత్సాహపడినది. మేమును అభ్యాసమునకు గాలి తుపాకి యొకటి కొని, హైదరాబాదులోని గుఱిశాలకు రైలులో తీసికొనిపోవుచుంటిమి.

ఆ పందెమున గుఱికాగితము నడిమి చుక్క 0.5 మిల్లీమీటరు మాత్రమే. మెడ యించుక వంకర యైనను గుండు తప్పును. మా పిల్ల గుండ్లన్నియు తప్పుచుండెను. మెడ నొచ్చుచుండెను. తనకు చేతగాదని యొకనాడు కన్నీరు పెట్టుకొన్నది. మాన్పింతమా యని మేమును తలంచితిమి.

లోపము పిల్లయందు లేదు. భుజమున కానించు కొయ్యభాగమును కుందా యందురు. అది పెద్దవారి కొలతకు చేసినది. మోచేయి మడత మొదలు చూపుడువ్రేలి మొదటి గనుపు వఱకు పిల్లకు 12 అంగుళములు. కుందా వెనుకనుండి మీట వఱకు 14 అంగుళములు. అందుచేత పిల్ల వెనుకకు వాలి, మెడ సాచి చూడవలసివచ్చెను.

వేఱు కుందా చేయింప నెంచి తొందరపడితిమి. పచ్చి కొయ్యతో చేయించితిమి. వానలు పడగానే అది మెలితిరిగి లోని యినుమును నొక్కెను. గుండ్లన్నియు ఒక ప్రక్కకే పోయెను. అది మా తప్పు. పిమ్మట తాండూరులో కూల్చిన పాతయింటి టేకు ద్వారబంధము కొంటిమి. ఏండ్ల తరబడి ఎండిన కొయ్య యిక మెలితిరుగదని వడ్రంగి చెప్పెను. చేతిపిడి సన్నముగా నుండు చోట కొయ్యపోగు పిడి వెంబడి సాగవలెననియు, అడ్డముగా నున్నచో అక్కడనే విఱుగుననియు నతడే తెలిపెను. నున్నని తాండూరు బండపై గరుకు కాగితము పఱచి, కొయ్య అడుగును దానిపై రుద్ది చదును చేసితిమి. తుదకు అవిసెనూనె పలుచగా పూసి, ఆఱిన పిమ్మట మఱల పూసితిమి.

పరీక్ష సులభము. గుండు లేదని రెండుమార్లు చూచుకొని, గోడవైపు త్రిప్పి, కన్నులు మూసికొని తుపాకి భుజమున కానింపవలెను. కన్ను తెఱవగానే చూపు గుఱికి సూటిగా నున్నచో కుందా సరిపోయినట్లు. చెంప యానుచోట కొంచెము చెక్కవలసివచ్చెను. పిల్ల యెదుగును గనుక, పరికిణీకి లోమడత వదలినట్లు, వెనుక జోడించుటకు పలుచని పలకలు చేయించి యుంచితిమి.

మేము తాకినది కొయ్యను మాత్రమే. మీటను గాని గొట్టమును గాని తాకలేదు, ఎవ్వరును తాకరాదు. కొనుటకు ముందు చట్టనియమములు విచారింపవలెను. కాల్చుట గుఱిశాలయందే, పెద్దల యెదుటనే జరుగవలెను.

మెడనొప్పి పోయినది. గుండ్లింకను అప్పుడప్పుడు తప్పుచునే యున్నవి గాని, చేతగాదను మాట మాత్రము ఆ నోట మఱల వినలేదు. పిల్లలు దేనియందైన వెనుకబడినపుడు, వారిని నిందించుటకు ముందు చేతికిచ్చిన వస్తువును ఒకసారి కొలిచి చూడుడు.