50 రూపాయల వ్యాక్సిన్: కోడ్ రాయడం ఈజీ, ట్యాంకులో నడపడమే కష్టం

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకొక చిన్న పని. వీడియో పాజ్ చేసి, ఇంట్లో అమ్మకి ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడగండి: "నాకు చిన్నప్పుడు హెపటైటిస్-బి టీకా వేయించారా?"

పోలియో చుక్కలు వేయించామని అందరూ ఠక్కున చెప్తారు. ఇది అడిగితే మాత్రం కాసేపు సైలెన్స్ ఉంటుంది. ఎందుకంటే మన దేశంలో ప్రభుత్వ టీకాల లిస్టులోకి హెపటైటిస్-బి వచ్చిందే లేటుగా. 2002-03లో కొన్ని చోట్ల ట్రయల్‌గా మొదలుపెట్టారు, దేశమంతా వచ్చేసరికి 2011 అయింది. అంతకుముందు పుట్టినవాళ్లకి, అంటే ఇది చూస్తున్న చాలామందికి, ప్రైవేట్ డాక్టర్ దగ్గర డబ్బులు కట్టి వేయిస్తేనే పడినట్టు.

నాకు ఈ టాపిక్ ఎందుకు పట్టిందో కూడా చెప్తాను. బీటెక్ థర్డ్ ఇయర్‌లో మా కాలేజీలో బ్లడ్ డొనేషన్ క్యాంప్ పెట్టారు. ఫ్రీ జ్యూస్, సర్టిఫికెట్, అందరం ఇచ్చాం. కొన్నాళ్లకి నా రూమ్మేట్‌కి బ్లడ్ బ్యాంక్ నుంచి ఫోన్ వచ్చింది. మనం ఇచ్చిన రక్తాన్ని హెచ్ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా, వీటన్నిటికీ టెస్ట్ చేస్తారు. వాడికి హెపటైటిస్-బి పాజిటివ్. వాడు మనిషి చూడ్డానికి రాయిలా ఉన్నాడు, పొద్దున్నే గ్రౌండ్‌లో పరిగెత్తేవాడు. రెండు రోజుల్లో రూములో అందరూ ప్లేట్లు, గ్లాసులు వేరే పెట్టుకున్నారు. అందరూ అంటున్నాను గానీ, నేనూ పెట్టుకున్నాను. నెల తిరక్కుండా వాడు రూమ్ ఖాళీ చేసి వెళ్లిపోయాడు. నాకు అప్పుడు తెలియదు అని ఇప్పుడు చెప్పుకుంటున్నా గానీ, తెలుసుకోవాలని కూడా నేను ట్రై చేయలేదు.

తెలుసుకుని ఉంటే ఏం తెలిసేది? ఇది కలిసి తింటే రాదు. పక్కన పడుకుంటే రాదు, కౌగిలించుకుంటే రాదు. రక్తం ద్వారా, సెక్స్ ద్వారా, ఒకరికి వాడిన సూది, షేవింగ్ బ్లేడ్ లాంటివి ఇంకొకరికి వాడితే, ఇంకా ముఖ్యంగా కాన్పు టైంలో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పెద్దయ్యాక సోకితే 100 మందిలో 95 మందికి పైగా శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. అదే పుట్టగానే సోకితే, 100లో 90 మంది పిల్లల్లో వైరస్ లివర్‌లో అలాగే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఏ గొడవా చేయదు. తర్వాత కొందరిలో సిర్రోసిస్, లివర్ క్యాన్సర్. 2022లో ప్రపంచంలో 25 కోట్లకు పైగా మంది దీంతో బతుకుతున్నారని, ఆ ఒక్క ఏడాదిలో 11 లక్షల మంది చనిపోయారని డబ్ల్యూహెచ్ఓ లెక్క. అందుకే టీకా ముఖ్యం, అందులోనూ పుట్టిన 24 గంటల్లోపు వేసే డోసు మరీ ముఖ్యం.

సరే, ఇప్పుడు టెక్నాలజీలోకి వెళ్దాం. నాలాంటి కోడర్‌కి ఇది మంచి కథ.

హెపటైటిస్-బి వైరస్‌ని ల్యాబ్‌లో పెంచి టీకా చేయడం కుదరలేదు. అందుకని 1981లో అమెరికాలో అనుమతి వచ్చిన మొదటి టీకాని ఎలా చేశారో తెలుసా? వైరస్ ఉన్న మనుషుల రక్తం తీసుకుని, ప్లాస్మాలోంచి ఆ వైరస్ పైపొర ప్రొటీన్‌ని వేరు చేసి, శుద్ధి చేసి. అప్పుడే ఎయిడ్స్ భయం మొదలైంది. వేరేవాళ్ల రక్తంలోంచి తీసిన మందంటే జనం ఎంత జంకుతారో ఊహించుకోండి. 1986లో దానికి బదులు ఇంకోటి వచ్చింది. వైరస్ మొత్తం అక్కర్లేదు, ఆ పైపొర ప్రొటీన్ తయారుచేసే ఒక్క జీన్ చాలు. ఆ జీన్‌ని ఈస్ట్ కణంలో పెడితే, ఈస్టే ప్రొటీన్ తయారు చేసి పెడుతుంది. మనుషులకి వాడటానికి అనుమతి పొందిన మొదటి రీకాంబినెంట్ టీకా అదే.

ఈస్ట్ అంటే బేకరీలో బన్ను పొంగించేది. చెట్టు మీంచి దించిన తాటికల్లు మధ్యాహ్నానికి నురగలు కక్కుతుంది చూడండి, అక్కడ పని చేసేదీ ఈస్టే. ఆ కుటుంబంలోని ఒక కణానికి మనం వేరే కోడ్ ఇస్తున్నాం, అంతే. ఇక్కడిదాకా వింటే నాకు కాపీ-పేస్ట్ లాగా అనిపించింది.

ఇప్పుడు హైదరాబాద్ వద్దాం. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ వరప్రసాద్ రెడ్డి గారు, ఆయనది బయాలజీ కాదు, గమనించండి. 1992లో జెనీవాలో టీకాల మీద జరిగిన ఒక మీటింగ్‌కి వెళ్లారు. అప్పట్లో మన దగ్గర దొరికే విదేశీ హెపటైటిస్-బి టీకా ఒక్క డోసు సుమారు 23 డాలర్లని చెప్తారు. కావాల్సినవి మూడు డోసులు. మామూలు ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇక ఆ ఊసే ఎత్తరు. ఆ టెక్నాలజీ ఇమ్మని ఆయన ఒక విదేశీ కంపెనీని అడిగితే, మీరు కొనలేరు, కొన్నా మీవాళ్లకి అర్థం కాదు అన్న ధోరణిలో జవాబొచ్చిందని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పారు. 1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. సొంత ల్యాబ్ లేదు. మొదట ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీలో చోటు తీసుకుని పని చేశారు. ఇక్కడ పెట్టుబడి దొరక్కపోతే ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావి డబ్బు పెట్టారు. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చింది. ధర డోసుకి సుమారు 50 రూపాయలు. మన దేశంలో డెవలప్ చేసి అమ్మకానికి తెచ్చిన మొదటి రీకాంబినెంట్ టీకా అది.

జనరల్‌గా ఈ కథ ఇక్కడ ఆపేసి, చప్పట్లు కొట్టి, ఒక మోటివేషన్ మ్యూజిక్ వేస్తారు. నాకు డౌట్ అక్కడే మొదలైంది. జీన్ ఒకటే, ఐడియా 1986 నుంచీ ఉన్నదే. మరి 1993 నుంచి 1997 దాకా నాలుగేళ్లు ఏం చేశారు? 23 డాలర్లు 50 రూపాయలెలా అయింది?

మా ఆఫీసులో ఒక మాట ఉండేది, "నా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది కదా" అని. ప్రొడక్షన్ సర్వర్‌లో పడగానే అసలు రంగు బయటపడుతుంది. బయోటెక్‌లో కూడా అంతే. నలుగురికి బిర్యానీ వండటం వేరు, పెళ్లిలో వెయ్యి మందికి వండటం వేరు కదా. కొలతలన్నీ 250 పెట్టి గుణిస్తే బిర్యానీ రాదు, అడుగు మాడి పైన పలుకు ఉంటుంది. చిన్న ఫ్లాస్క్‌లో ఈస్ట్ పెంచితే వచ్చే వేడి గాజు గోడల్లోంచి బయటికి పోతుంది. వందల లీటర్ల ట్యాంకులో లోపల సరుకు ఎక్కువ, దానికి తగ్గట్టు గోడలుండవు, వేడి లోపలే ఉండిపోతుంది. కోట్ల కోట్ల కణాలు ఒకేసారి ఊపిరి పీలుస్తుంటాయి, గాలి చాలదు. గాలి ఎక్కువ కొడితే నురగ. ఈ ట్యాంకునే ఫెర్మెంటర్ అంటారు.

శాంతా వాళ్లు ఎంచుకున్న ఈస్ట్ పేరు పికియా పాస్టోరిస్. మొదటి విదేశీ టీకాకి వాడింది మామూలు బేకరీ ఈస్ట్. పికియా స్పెషాలిటీ ఏంటంటే, అది చౌకైన తిండి తిని చాలా చిక్కగా పెరుగుతుంది, పైగా మెథనాల్‌ని కూడా తింటుంది. పికియాతో పనిచేసే మామూలు పద్ధతి ఏంటంటే, మనక్కావాల్సిన జీన్‌ని మెథనాల్ స్విచ్‌కి కనెక్ట్ చేస్తారు. ముందు గ్లిజరాల్ పోసి కణాల సంఖ్య పెంచుతారు. అప్పటిదాకా స్విచ్ ఆఫ్. తర్వాత మెథనాల్ కొంచెం కొంచెంగా వదులుతారు. స్విచ్ ఆన్, ప్రొటీన్ తయారీ మొదలు. మెథనాల్ మరీ తక్కువైతే ప్రొటీన్ రాదు, ఎక్కువైతే అదే విషమై కణాలు చస్తాయి. ఒక రన్ పూర్తి కావడానికి రోజులు పడుతుంది. నేను కోడ్‌లో తప్పు చేస్తే రెండు నిమిషాల్లో మళ్లీ రన్ చేసేవాడిని. ఇక్కడ ఒక తప్పుకి వారం పోతుంది, ట్యాంకులో సరుకంతా పారబోయాలి.

ఇంతా చేశాక ప్రొటీన్ ఎక్కడుంది? ఈస్ట్ కణం లోపల. కణాల్ని పగలగొట్టాలి. పగలగొడితే ఈస్ట్ సొంత ప్రొటీన్లు వేల రకాలు, డీఎన్ఏ, కొవ్వు, అన్నీ కలిసి ఒక జావలాగా వస్తాయి. అందులోంచి మన ప్రొటీన్ మాత్రమే తీయాలి. అది 22 నానోమీటర్ల గుండ్రటి కణాలుగా కట్టుకుని ఉంటుంది, చూడ్డానికి వైరస్‌లా ఉంటుంది గానీ లోపల ఖాళీ డబ్బా. నా దృష్టిలో ధర డిసైడ్ అయ్యేది ఎక్కువగా ఇక్కడే, ఈ శుద్ధి చేసే దగ్గర. ప్రతి స్టెప్పులో కొంత సరుకు పోతుంది. ఐదు స్టెప్పులుండి ఒక్కోదాంట్లో 20 శాతం పోతే, చివరికి మిగిలేది మూడో వంతు. ఒక స్టెప్పు తగ్గించగలిగినా, ఒక స్టెప్పులో పోయేది తగ్గించగలిగినా, అది నేరుగా మన ఊరి క్లినిక్‌లో రేటు మీద కనిపిస్తుంది.

చివర్లో ఆ ప్రొటీన్‌ని అల్యూమినియం ఉప్పు రేణువులకి అతికిస్తారు, మన ఇమ్యూనిటీ దాన్ని బాగా గుర్తుపట్టడానికి. ఇక్కడో గమ్మత్తు. టీకా అంటే ఎంత చల్లగా పెడితే అంత మంచిదని అనుకుంటాం కదా? ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. గడ్డకడితే పాడైపోతుంది. ఆ రేణువులు ముద్దలు కట్టి, ప్రొటీన్ పట్టు వదిలేస్తుంది. హెల్త్ వర్కర్లు అనుమానమొస్తే సీసాని ఊపి పెట్టి చూస్తారు. గడ్డకట్టిన సీసాలో తెల్లటి మడ్డి గబగబా అడుగుకి దిగిపోతుంది. ఫ్రిజ్‌లో ఐస్ గదికి ఆనించి పెట్టిన టీకా చూడ్డానికి బాగానే ఉంటుంది, పని మాత్రం చేయకపోవచ్చు.

ఈ తెల్లటి మడ్డి అనే మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇదే కంపెనీ కథలో చేదు భాగం కూడా దీని చుట్టూనే ఉంది. శాంతా తర్వాత ఫ్రెంచ్ చేతుల్లోకి వెళ్లింది, 2009లో సనోఫీ తీసుకుంది. అప్పటికి వాళ్ల దగ్గర షాన్-5 అని ఐదు జబ్బులకి ఒకే టీకా ఉంది. 2008లో డబ్ల్యూహెచ్ఓ ఆమోదం కూడా వచ్చింది, యూనిసెఫ్ నుంచి పెద్ద ఆర్డరు దొరికింది. 2010లో కొన్ని సీసాల గోడలకి తెల్లటి పదార్థం అతుక్కుని కనిపించింది. డబ్ల్యూహెచ్ఓ దాన్ని లిస్టులోంచి తీసేసింది. ఫార్ములేషన్ సరిచేసుకుని మళ్లీ లిస్టులోకి రావడానికి 2014 అయింది. అదే ఊరు, అంత అనుభవం, అయినా నాలుగేళ్లు. టీకా విషయంలో "చిన్న బగ్, నెక్స్ట్ అప్‌డేట్‌లో ఫిక్స్ చేస్తాం" అనడానికి లేదు. అందుకే మన దేశంలో టీకా ప్రతి బ్యాచ్‌నీ కంపెనీ టెస్ట్ చేసుకోవడమే కాక, సెంట్రల్ డ్రగ్స్ ల్యాబొరేటరీ క్లియర్ చేస్తేనే బయటికి వదులుతారు. ఆ ఆలస్యం చూసి మనవాళ్లు తిట్టుకుంటారు గానీ, నేనైతే ఆ ఆలస్యాన్ని కావాలనే కోరుకుంటాను.

బయోటెక్ అంటే మందులొక్కటే కాదు, చొక్కా మీద పులుసు మరక పోగొట్టే డిటర్జెంట్‌లో ఎంజైములు కూడా ఇలా ట్యాంకుల్లో సూక్ష్మజీవులతో చేయించినవే. మరక విషయంలో కొంచెం తేడా వచ్చినా చొక్కాతో పోతుంది, కాబట్టి అక్కడ శుద్ధి ఇంత కఠినంగా ఉండక్కర్లేదు, అందుకే అది పది రూపాయల ప్యాకెట్లోకి వచ్చేసింది. దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

ఇప్పుడు మీ సంగతి. అమ్మ "గుర్తులేదురా" అంటే కంగారు పడకండి. డాక్టర్‌ని అడిగి హెచ్‌బీఎస్ఏజీ అనే రక్త పరీక్ష చేయించుకోండి. నెగెటివ్ వచ్చి, ఇదివరకు టీకా పడకపోతే, పెద్దవాళ్లకి మామూలుగా మూడు డోసులు: ఈ రోజు ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలలో ఒకటి. మూడోది చాలామంది మర్చిపోతారు, ఇప్పుడే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. పాజిటివ్ వస్తే, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. అందరికీ వెంటనే మందులు అక్కర్లేదు, కానీ అందరికీ రెగ్యులర్ చెకప్ కావాలి. యూట్యూబ్‌లో "లివర్ క్లీన్ చేసే కషాయం" వీడియోలు చూసి అది మానేయకండి, ప్లీజ్.

మా రూమ్మేట్ ఇప్పుడు పూణేలో జాబ్ చేస్తున్నాడు. ఆరు నెలలకోసారి టెస్టులు చేయించుకుంటాడు, ఇంకా పొద్దున్నే పరిగెడుతున్నాడు. మూడేళ్ల క్రితం ఫోన్ చేసి సారీ చెప్పాను. "పోనీలేరా, ఇప్పుడైనా వీడియో చెయ్యి" అన్నాడు, చేయడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. పెళ్లికి ముందే వాళ్లావిడకి విషయం చెప్పాడు, ఆమె టెస్ట్ చేయించుకుని మూడు డోసులూ వేయించుకుంది. పోయిన ఏడాది వాళ్లకి పాప పుట్టింది. పుట్టిన రోజు సాయంత్రం వాట్సాప్‌లో ఫోటో పంపాడు. పాప ఫోటో అనుకుని ఓపెన్ చేశాను, టీకాల కార్డు ఫోటో. హెపటైటిస్-బి బర్త్ డోస్ అని ఉన్న గడిలో ఆ రోజు తేదీ, నర్సు సంతకం.

సరే అండీ, నెక్స్ట్ ఎపిసోడ్‌లో డిటర్జెంట్ సంగతి చూద్దాం. ఉంటాను.