సర్వరు మనలను మఱచుటేల?

ఉపకారవేతనమునకై వెబ్ పుటలో దరఖాస్తు నింపుచున్న తండ్రి ధ్రువపత్రములు వెదకుటకు లేచి, అరగంటకు వచ్చి మీట నొక్కును. సర్వరు ఆయన నెఱుగనట్లు మరల పేరును, సంకేతపదమును అడుగును. వ్రాసినదంతయు వ్యర్థము! 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ వెలువరించిన పి.హెచ్.పి. భాషను నేర్చుచున్న పై తరగతి విద్యార్థులు ఈ లోపమును పట్టుకొను మార్గము నెఱుగుట మంచిది.

సర్వరునకు సహజముగా జ్ఞాపకము లేదు. వచ్చిన ప్రతి విన్నపమును అది క్రొత్తదానిగనే చూచును. కావున రైల్వే స్టేషనులోని సామానుల గదివలె మనకొక చీటీ నిచ్చును. ఆ చీటీయే బ్రౌజరులోని కుకీ. సామాను సర్వరులో ఒక చిన్న ఫైలుగా నుండును. రెండును కలిసి సెషన్ అనబడును.

పోయినది చీటీయా, సామానా అనునది ముందు తేల్చవలెను. రెండవ పుటకు పోవు విన్నపములో కుకీ లేనిచో చీటీయే పోయినది. సెషన్ స్టార్ట్ అను ఆజ్ఞకు ముందే ఏదేని అక్షరము బయటికి పోయినచో కుకీ పంపుటకు వీలుండదు. తెలుగు వ్రాయువారికి ఇందొక ప్రత్యేకమైన చిక్కు గలదు: పాత నోట్‌ప్యాడ్ యు.టి.ఎఫ్.-8 ఫైలు మొదట కంటికి కనబడని 3 బైట్ల గుర్తును చేర్చుచుండెడిది. ఆ గుర్తు చాలును, సెషన్ చెడుటకు!

కుకీ వచ్చుచున్నను, రెండవ పుటలోను ఆజ్ఞ యున్నను, వివరములు శూన్యమైనచో సామానును వెదకవలెను. సేవ్ పాత్ చూపు సంచికలో వ్రాయుటకు పి.హెచ్.పి.కి అనుమతి యున్నదా? ఉన్నచో కాలపరిమితిని చూడుడు. ప్రారంభపు అమరికలో 1440 సెకనులు, అనగా 24 నిమిషములు, ముట్టని ఫైలు చెత్తగా లెక్కింపబడును. ఊడ్చుట మాత్రము సెషన్ తెఱచిన నూటికొకసారి వంతున జరుగును. అందుచేతనే ఒకనాడు గంటకును పోని సెషన్ మఱియొకనాడు అరగంటకే పోవును. దీనిని దయ్యపుచేష్ట యనుకొన్నవారును గలరు.

పరిమితిని 7200 సెకనులకు పెంచినను పోవుచున్నదా? ఒకే సంచికను పలువురు వాడుచోట తక్కువ పరిమితిగల పొరుగువాని ప్రోగ్రాము మన ఫైళ్లనుగూడ ఊడ్చివేయును. వేఱు సంచిక నేర్పఱచుకొనుటయే దీనికి మందు. అది వెబ్ పుటలుండు చోటికి వెలుపల నుండవలెను.

ఏ అమరిక నిజముగా అమలులో నున్నదో పి.హెచ్.పి. ఇన్ఫో అను ఆజ్ఞ చూపును. ఇని ఫైలును మార్చినపిదప సర్వరును మరల ప్రారంభింపవలెను. పని కాగానే ఆ ఇన్ఫో పుటను తొలగింపుడు. అది సర్వరు గుట్టును పరులకు చూపును.