హ్యాండిల్‌లో దాచిన బ్రేకు వైరు: అపోహలు – వాస్తవాలు

పొందూరు చుట్టుపక్కల పల్లెల్లో తిరిగే పాతకాలపు నల్ల సైకిలుకు బ్రేకు ఇనుప కడ్డీలతో పడుతుంది. బడిపిల్లల సైకిలుకు వైరుతో పడుతుంది. ఫోన్లలో చూసే రేసు సైకిలుకు మాత్రం వైరే కనిపించదు. హ్యాండిల్ గొట్టంలోకి దూరి, అటునుంచి అటే ఫ్రేములోకి దిగిపోతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. మన సైకిలుకూ అలా చేయించాలని మనసుపడే కుర్రాళ్ళు ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. బ్రేకంటే ప్రాణంతో పని.

అపోహ: వైరు లోపలినుంచి పోతే బ్రేకు బాగా పడుతుంది.

వాస్తవం: లివరు మీద మనం పెట్టే బలాన్ని తినేసేవి మలుపులు. ఔటరులో, అంటే తీగ మీది తొడుగులో, తీగ కదిలేటప్పుడు వంపు ఉన్న ప్రతిచోటా ఒరుసుకుంటుంది. మలుపులు ఎంత ఎక్కువైతే ఒరిపిడి అంత ఎక్కువ. బయటి వైరు ధారాళంగా వంగి దిగుతుంది. హ్యాండిల్‌లోది లివరు దగ్గర ఒకసారి, నడిమధ్యన మరోసారి ఇరుగ్గా తిరగాలి. తీగ కాస్త పొడిబారిందంటే నొక్కిన లివరు వెనక్కి రాకపోవచ్చు. ఖరీదైన రేసు సైకిళ్ళకు ఈ బాధ లేకపోవడానికి కారణం వేరు. ఇప్పుడు వాటిలో చాలావాటికి తీగ బదులు నూనె గొట్టం ఉంటుంది. గొట్టం ఎన్ని వంపులు తిరిగినా నూనెలోని ఒత్తిడి చివరిదాకా అందుతుంది.

అపోహ: హ్యాండిల్‌కు డ్రిల్లుతో బెజ్జం వేసి వైరు దూర్చేయొచ్చు.

వాస్తవం: ఈ పని ఎవరూ చేయకూడదు, చేయించకూడదు. గొట్టానికి గుండ్రటి బెజ్జం పడితే దాని అంచు దగ్గర లోహం మీద ఒత్తిడి మామూలుకంటే దాదాపు 3 రెట్లు పెరుగుతుంది. హ్యాండిల్ మీద ఎక్కువ భారం పడేది మధ్యలో, బిగింపు పక్కనే. వైరు బయటికి తీయడానికి బెజ్జం వేసేదీ చాలాసార్లు అక్కడే. గతుకు తగిలినప్పుడల్లా గొట్టం కంటికి కనపడనంతగా వంగి లేస్తుంది. బెజ్జం అంచున సన్నటి పగులు మొదలై కొద్దికొద్దిగా పాకుతుంది. అల్యూమినియం అయితే చెప్పాపెట్టకుండా విరుగుతుంది. కంపెనీ బెజ్జంతో ఇచ్చే హ్యాండిల్‌ను ఆ బెజ్జాన్ని లెక్కలో పెట్టుకునే తయారుచేస్తారు. మామూలు గొట్టానికి ఆ లెక్క లేదు.

అపోహ: లోపల ఉన్న వైరుకు తుప్పు పట్టదు.

వాస్తవం: వానా దుమ్మూ నేరుగా తగలవు, అంతవరకు మేలే. కానీ వైరు దూరే సందులోంచి చెమ్మ లోపలికి పోతుంది, త్వరగా ఆరదు. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో ఇనుముకు అది చాలు. అసలు చిక్కేమిటంటే, తుప్పు పట్టిన సంగతి కంటికి కనపడదు. బ్రేకు తీగ ఒంటి తీగ కాదు, సన్నటి ఉక్కు పోగుల పేట. నూలు పేటలో ఒక పోగు తెగితే మిగతావాటి మీద ఎంత బరువు పడుతుందో పొందూరులో రాట్నం ముందు కూర్చున్నవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. బ్రేకు తీగలోనూ అంతే. లివరు పూర్తిగా నొక్కి, తీగ చివర ఉండే గుండు పక్కన చూడండి. ఒక్క పోగు లేచి గుచ్చుకున్నా ఆ రోజే తీగ మార్చండి.

అపోహ: ఔటరు ఏదైనా ఒకటే, గేరుది బ్రేకుకు వేసేయొచ్చు.

వాస్తవం: గేరు ఔటరులో ఉక్కు తీగలు నిలువుగా ఉంటాయి. గట్టిగా బ్రేకు నొక్కితే అది పగిలిపోవచ్చు. మామూలు బ్రేకు ఔటరులో తీగ చుట్లు చుట్లుగా ఉంటుంది. సాధారణంగా గేరుది 4 మిల్లీమీటర్ల మందం, బ్రేకుది 5. షాపులో చేతిలోకి తీసుకుని చూస్తే తేడా తెలిసిపోతుంది.

అపోహ: వైరు దాస్తే సైకిలు వేగం పెరుగుతుంది.

వాస్తవం: గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగం రెట్టింపైతే 8 రెట్లవుతుంది. అందుకే గంటకు 40 కిలోమీటర్లు దాటి తొక్కే పందెగాళ్ళకు ఆ కాస్త ఆదా విలువైనది. పొందూరు నుంచి ఆమదాలవలసకు తాపీగా తొక్కేవాళ్ళకు తేడా తెలియదు.

అపోహ: బ్రేకు వైరును కనిపెట్టింది ర్యాలీ సైకిళ్ళ అధిపతి ఫ్రాంక్ బౌడెన్.

వాస్తవం: ఇంటిపేరు కలవడంతో వచ్చిన పొరపాటు ఇది. 1896లో ఆ తీగకు పేటెంటు తీసుకున్నది ఎర్నెస్ట్ మోనింగ్టన్ బౌడెన్ అనే మరో వ్యక్తి.

అపోహ: కడ్డీ బ్రేకు పాతది, పనికిరాదు.

వాస్తవం: కడ్డీకి ఔటరు లేదు, లోపల ఒరుసుకునేదీ లేదు. చెడితే ఏ ఊళ్ళోనైనా బాగుచేస్తారు. వానలో అది జారడానికి కారణం తడిసిన ఉక్కు రిమ్ము మీద రబ్బరు పట్టు తప్పడమే. ఆ రిమ్ముకు వైరు బ్రేకు పెట్టినా అలాగే జారుతుంది.

వైరు దాచిన సైకిలే కొనాలనుకుంటే, హ్యాండిల్‌ను రెండు పక్కలా చివరిదాకా తిప్పి లివరు తేలిగ్గా ఆడుతోందో లేదో చూడండి. వైరు మార్చాలంటే ఏమేం విప్పాలో, మీకు దగ్గరలో ఆ పని తెలిసిన మెకానిక్ ఉన్నాడో లేదో కొనకముందే అడగండి. పిల్లలు రోజూ బడికి తొక్కే సైకిలుకైతే బయటికి కనిపించే వైరే మంచిది.