ఊబకాయులకు ప్రొబయోటిక్ మాత్రలతో మేలెంత?

ఈ మధ్య మందుల షాపుల్లో ప్రొబయోటిక్ మాత్రలు, పొడులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. వీటితో బరువు తగ్గుతుంది, షుగరు దిగుతుంది, గుండెకు బలం అని చెప్పేవారూ ఉన్నారు. పొట్ట పెరిగి, బీపీకో షుగరుకో మందులు వాడుతున్నవారికి ఇది విని ఆశ కలగడం సహజమే. అయితే వీటి మేలెంత, హద్దెక్కడ అన్నది తెలుసుకోవాలి. లేకపోతే డబ్బుతోపాటు ఆరోగ్యమూ పోతుంది.

పొట్ట చుట్టూ కొవ్వు

యూనానీలో ఊబకాయాన్ని 'సిమన్ ముఫ్రిత్' అంటారు. శరీరంలో బల్గమ్, అంటే కఫం అధికం కావడమే దీనికి మూలమని హకీములు చెబుతారు. మరీ లావుగా ఉన్నవారికి ఆకస్మిక మరణం ముప్పు ఎక్కువని బుఖ్రాత్ (హిప్పోక్రటీస్) క్రీస్తు పూర్వమే హెచ్చరించాడు. మన దేశస్థుల్లో కొవ్వు పొట్ట చుట్టూ త్వరగా చేరుతుంది. నడుము చుట్టుకొలత పురుషుల్లో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో నూటికి దాదాపు 40 మందికి ఈ పొట్ట ఊబకాయం ఉంది.

ప్రేవులకూ గుండెకూ సంబంధమేమిటి?

మన పెద్దప్రేవులో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న పీచుపదార్థాన్ని అవి పులియబెట్టి కొన్ని ఆమ్లాలను తయారుచేస్తాయి. ఈ ఆమ్లాలు ప్రేవు గోడను పటిష్ఠంగా ఉంచుతాయి, లోపలి వాపును తగ్గిస్తాయి. కొన్ని రకాల సూక్ష్మజీవులు పైత్యరసంలోని లవణాలను విడగొట్టి మలంతో బయటకు పోయేలా చేస్తాయి. అప్పుడు కాలేయం కొత్త పైత్యరసం కోసం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. తగిన మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులనే ప్రొబయోటిక్‌లు అంటారు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

2010లో జపాన్‌లో 87 మందికి 12 వారాలపాటు పులిసిన పాలు ఇచ్చి చూశారు. 'లాక్టోబాసిల్లస్ గాసెరి' అనే సూక్ష్మజీవిలోని ఒక రకం కలిపిన పాలు తాగినవారిలో పొట్ట లోపలి కొవ్వు 4.6 శాతం తగ్గింది. 2013లో మరో 210 మందిపై పరీక్షించినప్పుడు కూడా కొవ్వు తగ్గింది గానీ, తాగడం ఆపాక ఆ ఫలితం నిలవలేదు. ఇలాంటి పరీక్షలన్నింటినీ కలిపి చూస్తే బరువు, కొలెస్ట్రాల్, షుగరు కొద్దిగా మాత్రమే తగ్గుతున్నాయి. ఈ పరీక్షల్లో చాలావరకు కొన్ని వారాలపాటు జరిగినవే. ప్రొబయోటిక్ మాత్రలు గుండెపోటును ఆపుతాయని మాత్రం ఇంతవరకు రుజువు కాలేదు.

అందుచేత వీటిని నమ్మి షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు ఎట్టి పరిస్థితుల్లోనూ మానకండి.

పెరుగు సంగతి

ఇంట్లో తోడు పెట్టిన పెరుగులోనూ సజీవ సూక్ష్మజీవులు ఉంటాయి. వేడిచేస్తే అవి చనిపోతాయి. మజ్జిగ పులుసులో, ఆవిరిపై ఉడికిన ఇడ్లీలో అవి మిగలవు. చద్దన్నంలో, చల్లని పెరుగు చట్నీలో మిగులుతాయి. అలాగని బిర్యానీ పక్కన పెరుగు చట్నీ ఉంది కదా అని మరో ప్లేటు లాగించకూడదు. పంచదార వేసిన లస్సీ, తియ్యటి ప్రొబయోటిక్ పానీయాలు షుగరు ఉన్నవారికి చేటు. బీపీ ఉన్నవారు మజ్జిగలో ఉప్పు తగ్గించాలి.

సూక్ష్మజీవులకు తిండి కూడా కావాలి. వాటి తిండి పీచుపదార్థమే. హకీములు రోగులకు బార్లీ జావ (ఆషె జౌ) ఇప్పించడం పాత పద్ధతి. బార్లీలోని పీచు చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందని నేటి పరిశోధనలూ చెబుతున్నాయి. నీళ్ళు వడకట్టి గింజలు పారెయ్యకుండా గింజలతోనే తినండి. రాగి సంకటి, జొన్నరొట్టె, పెసలు, ఆకుకూరలు కూడా మంచివే. అయితే వీటినీ కొలత మీరకుండా తినాలి.

కొనేముందు

డబ్బామీద సూక్ష్మజీవి పూర్తి పేరు, ఎన్ని ఉన్నాయన్న సంఖ్య, గడువు తేదీ చూడండి. మన దేశ నిబంధనల ప్రకారం రోజు మోతాదులో కనీసం 10 కోట్ల సజీవ సూక్ష్మజీవులు ఉండాలి. క్యాప్సూల్ పైపొర జంతువుల జెలాటిన్‌తో చేసినది కావచ్చు. హలాల్ విషయంలో సందేహం ఉంటే మొక్కల నుంచి తీసిన పదార్థంతో చేసిన క్యాప్సూల్ అడగండి.

క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, తీవ్రమైన క్లోమ వాపు ఉన్నవారు డాక్టరును అడగకుండా వీటిని వాడరాదు. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు సొంతంగా ఇవ్వరాదు.

యూనానీ చికిత్సలో మందుకన్నా ముందు వచ్చేవి ఆహారం, కదలిక, నిద్ర, పరహేజు. బెంగళూరువాసులు మాగడి రోడ్డులోని కొట్టిగెపాళ్యలో 1984లో ఏర్పడిన జాతీయ యూనానీ వైద్య సంస్థలో సలహా తీసుకోవచ్చు. మీరు వాడుతున్న ఇంగ్లీషు మందుల చీటీ కూడా తప్పక వెంట తీసుకెళ్ళండి. రోజూ అరగంట నడవండి, రాత్రి భోజనం త్వరగా, తక్కువగా ముగించండి. నెలకోసారి టేపుతో నడుము కొలిచి రాసిపెట్టుకోండి. ఆ కొలత తగ్గుతుంటే మీ శ్రమ ఫలిస్తున్నట్లే.