నిలువ విద్యుత్తు — దాని లెక్క

విద్యుత్తు పోయిన వేళ నాదర్‌గుల్ వంటి శివారు ప్రాంతములలోని ఇండ్లను ఆదుకొనునది ఇన్వర్టరు బ్యాటరీ. అదియు అడుగంటినచో చేతనున్న పోర్టబుల్ పవర్ స్టేషనుతో దానిని నింపవచ్చునా? క్యాంపర్ వ్యానులలో సంచరించువారికిని ఎదురగు ప్రశ్నయే ఇది.

మరల మరల నింపుకొనదగిన సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే నిర్మించెను. నీరు పల్లమునకు పారునట్లు, విద్యుత్ప్రవాహము అధిక వోల్టేజి నుండి అల్ప వోల్టేజికి సాగును. కావున 12 వోల్టుల సీసపు బ్యాటరీ పూర్తిగా నిండుటకు సుమారు 14.4 వోల్టులు కావలెను. రెండింటిని తీగలతో నేరుగా కలుపరాదు. ప్రవాహమునకు అదుపు లేక తీగలు కాలవచ్చును. నడుమ తగిన చార్జరు ఉండవలెను.

ఇక లెక్క చూతము. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీ 1800 వాట్-గంటల శక్తిని నిలువచేయును. పవర్ స్టేషనులో 500 వాట్-గంటలున్నవనుకొందము. దాని ఇన్వర్టరులో పదవ వంతు పోయిన మిగులునది 450. చార్జరులోను, బ్యాటరీలోను కొంత వేడిగా మారిపోగా నిలుచునది సుమారు 300. ఇంటి ఇన్వర్టరు దాటి వచ్చుసరికి దక్కునది 260 మాత్రమే. చేతులు మారినకొద్ది సొమ్ము తరుగుట వంటిదే ఇదియును.

పంఖాకు, దీపమునకు కలిపి 50 వాట్లు కావలెననుకొందము. బ్యాటరీ మార్గమున అవి 5 గంటలు నడచును. పవర్ స్టేషనుకే తగిలించినచో 9 గంటలు. పరీక్షల రాత్రి చదువుకొను విద్యార్థికి ఈ నాలుగు గంటలు స్వల్పము కావు.

అయినను, అడుగంటిన సీసపు బ్యాటరీని దినముల తరబడి వదలిన దాని ఫలకములు చెడును. అప్పుడు కొంత నింపుట అవసరమే. అయితే గాలి వీచు చోట నింపవలెను; నిండు దశలో మండు స్వభావముగల హైడ్రోజను వెలువడును.