పొగగొట్టంలో చిక్కిన ప్రాణులు

మన పాత పెంకుటిళ్ళలో వంటింటి పొగ పోవటానికి కప్పులో ఒక గూడు విడిస్తే సరిపోయేది. చలిదేశాల సంగతి వేరు. అమెరికా, కెనడాలలో అనేక ఇళ్ళకు గదిలో నిప్పుగూడు, దానిమీద కప్పు దాటేదాకా నిలువుగా ఒక గొట్టం ఉంటాయి. మనిషికి అది చలికాలపు అవసరం. ఉడుతలకు, రకూన్లకు, పక్షులకు మాత్రం అదొక తొర్రచెట్టు. మన కళాశాలలో చదివి అక్కడ ఇళ్ళు కొనుక్కున్న వారికి ఈ సంగతి ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాక తప్పదు.

వీటిలో విచిత్రమైనది చిమ్నీ స్విఫ్ట్ అనే పిట్ట. బరువు ఇంచుమించు 20 గ్రాములు. కొమ్మమీద వాలటం దానికి చేతకాదు. గోళ్ళతో నిలువు గోడను పట్టుకుని వేలాడవలసిందే. ఎగురుతూనే ఎండుపుల్లలు విరిచి, తన లాలాజలంతో గోడకు అతికించి, సగం సాసరులాంటి గూడు కడుతుంది. (మన తాటాకు అడుగున గూడు అతికించుకునే చిన్నపిట్ట దీనికి దాయాదే.) పూర్వం ఇవి తొర్రచెట్లలోనే ఉండేవి. వలసవచ్చిన తెల్లవారు అడవులు నరికి ఇళ్ళు కట్టేసరికి చెట్టు పోయి పొగగొట్టం దొరికింది. చలికాలంలో ఎక్కడికి పోతాయో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. వాటి కాళ్ళకు తొడిగిన 13 కడియాలు పెరూ అడవులనుంచి 1944లో బయటపడ్డాకగానీ గుట్టు విడలేదు.

అసలు చిక్కు గొట్టం లోపలి గోడలో ఉంది. ఇటుక గరుకుగా ఉంటుంది గనుక స్విఫ్ట్‌కూ రకూన్‌కూ గోరు ఆనుతుంది. అవి అందులో చిక్కుకున్నట్టు కాదు, కాపురం ఉన్నట్టు. రేకు గొట్టమైతే నున్నన. జారి పడిందంటే మళ్ళీ పైకి రాలేదు. అంచేత రేకు గొట్టానికి ఏడాది పొడుగునా వలమూత ఉండి తీరాలి.

లోపల చప్పుడైతే కొందరు పొలంలో ఎలుకబొరియకు పెట్టినట్టు పొగ పెడతారు. ఇంతకంటే దారుణం లేదు. రకూన్ వసంతకాలంలో అక్కడే ఈనుతుంది. కళ్ళు తెరవని కూనలు ఎక్కలేక మాడిపోతాయి. తల్లి మేతకు పోయినప్పుడు మూత బిగించినా అంతే, కూనలు ఆకలితో చస్తాయి. కొన్ని వారాలు ఓపిక పడితే తల్లే వాటిని తీసుకుపోతుంది. రేకు గొట్టంలో పడ్డ ఉడుతకైతే పైనుంచి లావుపాటి తాడు వదిలితే చాలు, అదే ఎక్కివస్తుంది. పక్షి గదిలోకి వచ్చిపడితే దీపాలార్పి ఒక్క కిటికీ తెరవండి. వెలుతురు వైపే పోతుంది.

స్విఫ్ట్ గూడు జోలికి మాత్రం పోరాదు. గుడ్లుగానీ పిల్లలుగానీ ఉన్న గూటిని తీయటం 1918 నాటి వలసపక్షుల చట్టం ప్రకారం అక్కడ నేరం. పిల్లలు గొట్టం విడవటానికి పొదిగాక నెలరోజులు పడుతుంది. ఆ కిచకిచలు భరించవలసిందే, ఏం చేస్తాం! మసి దులపటం, మూత పెట్టటం లాంటివి అక్టోబరు చివర, పిట్టలు దక్షిణానికి వెళ్ళిపోయాక చూసుకోవచ్చు. మార్చిలో అవి తిరిగివచ్చేలోపు ఇటుక గొట్టం మూత తీసి ఉంచాలి.