బోదకాలు నసీబు కాదు

మా ఖాలాకు ఎడమకాలు బోదకాలు. పెళ్ళిళ్ళకు వచ్చినా కుచ్చెళ్ళు పాదం మీదికి లాక్కుని ఓ మూల కూర్చునేది. "నా నసీబు" అనేది. జీవశాస్త్ర పాఠాలు చెప్పడం మొదలుపెట్టాకగాని అది నసీబు కాదని నాకు అర్థం కాలేదు.

రక్తనాళాల నుంచి కణాల మధ్యకు ఊరిన ద్రవంలో ఎక్కువ భాగం తిరిగి రక్తంలోకే చేరుతుంది. మిగిలిపోయేది రోజుకు సుమారు 3 లీటర్లు. అదే శోషరసం. దానిని శోషరస నాళాలు మోసుకుపోయి మెడ దిగువన పెద్ద సిరల్లో కలుపుతాయి. మన కోనసీమవారికి సులువుగా చెప్పాలంటే రక్తనాళాలు పంట కాలువలు, ఇవి మురుగు కాలువలు. వీటికి గుండెలాంటి పంపు లేదు. కండరాల కదలిక, నాళాల్లోని కవాటాలు ద్రవాన్ని ముందుకు నడుపుతాయి. దారిలోని కణుపులు సూక్ష్మక్రిములను వడగడతాయి. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టేది అందుకే.

మురుగు కాలువ పూడితే చేను మునుగుతుంది. బోదకాలులో జరిగేదీ ఇదే. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కాటుతో ఫైలేరియా క్రిములు ఒంట్లో చేరి, శోషరస నాళాల్లో ఏళ్ళ తరబడి బతుకుతాయి. నాళాలు దెబ్బతిని కాలు వాస్తుంది. మగవారిలో వరిబీజం కూడా రావచ్చు. క్రిమి పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి కనుకనే రక్తపరీక్ష రాత్రి చేస్తారు. ఇది వంశపారంపర్యం కాదు, తాకితే అంటదు.

వాపు కనపడకముందే క్రిములు ఒంట్లో ఉండవచ్చు. అందుకే బాగున్నవారూ మాత్రలు మింగాలి. 2004 నుంచి దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో సామూహికంగా డి.ఇ.సి. మాత్రలు, తరువాత ఆల్బెండజోల్‌తో కలిపి, పంచుతూ వచ్చారు. రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర జబ్బుతో ఉన్నవారు తప్ప అందరూ అన్నం తిన్నాక వేసుకోవాలి. కొందరికి జ్వరం, తలనొప్పి వస్తే క్రిములు చస్తున్నాయని అర్థం. అవి సాధారణంగా త్వరగానే తగ్గిపోతాయి.

కాలు ముదిరినవారు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు మెత్తని గుడ్డతో పొడిగా ఒత్తుకోవాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవాలి, చెప్పులు వేసుకోవాలి. ఐదుపూటలా వుజూలో పాదాలు కడిగే మనకు ఇది కష్టం కాదు. తడి ఆరబెట్టుకోవడమొక్కటే మరువరాదు. వరిబీజానికి ఆపరేషన్ ఉంది.

మా ఖాలాకు ఈ మాటలు చెప్పినవారు లేరు. మీ ఇంట్లో, మీ వీధిలో అలా మూలన కూర్చున్నవారికి మీరు చెప్పండి. ఆశా కార్యకర్త మాత్రలు తెచ్చినప్పుడు అల్మారాలో దాచకుండా ఆమె ఎదుటే మింగండి.